ఫోన్ తీయకుండా నక్షత్ర కాలం

కళ్ళు చీకటికి అలవాటు పడ్డాక నక్షత్ర కాలం (ఇప్పుడు ఏ నక్షత్రాలు ఆకాశంలో బాగా ఎత్తున ఉన్నాయో చెప్పే సమయం) కోసం ఫోన్ తెరిస్తే, ఆ వెలుగుకి మళ్ళీ మొదటికొస్తుంది. నోటిలెక్క చాలు. సెప్టెంబర్ 22 అర్ధరాత్రికి సున్నా. అక్కడి నుంచి నెలకి 2 గంటలు, మిగిలిన రోజులకి రోజుకి 4 నిమిషాల చొప్పున కలపండి. అర్ధరాత్రికి ఎన్ని గంటల ముందైతే అన్ని గంటలు తీసేయాలి, తర్వాతైతే కలపాలి.

జనవరి 22 రాత్రి 9కి చూద్దాం: నాలుగు నెలలకి 8 గంటలు, అందులోంచి 3 పోతే 5 గంటలు. ఓరియన్ నెబ్యులా రైట్ అసెన్షన్ (ఆకాశంలో తూర్పు పడమరల స్థానాన్ని గంటల్లో చెప్పే కొలత) 5 గంటల 35 నిమిషాలు. నక్షత్ర కాలం ఈ అంకెకి చేరినప్పుడు అది అన్నిటికన్నా ఎత్తున ఉంటుంది. అంటే ఇంకో అరగంటకి అది బాగా ఎత్తుకొస్తుంది.

మీ ఊరు టైమ్ జోన్ ప్రామాణిక రేఖాంశానికి తూర్పున ఉంటే డిగ్రీకి 4 నిమిషాలు కలపండి, పడమరైతే తీసేయండి. డేలైట్ సేవింగ్ నడుస్తుంటే ముందే గంట తగ్గించుకోవాలి, చాలామంది మరిచేది ఇదే.

కొద్ది నిమిషాల తేడా మామూలే కాబట్టి టెలిస్కోప్ సెట్టింగ్ సర్కిల్స్‌కి (టెలిస్కోప్‌ని గురిపెట్టడానికి వాడే అంకెల చక్రాలకి) మాత్రం ఈ లెక్క వాడకండి.