చలి రాత్రికి ముందు: బాల్ పైథాన్ పెట్టెకు జాగ్రత్తలు

అమెరికాలో బాల్ పైథాన్‌ను పెంచేవారికి జనవరి రాత్రులు అసలు పరీక్ష. అది పశ్చిమ ఆఫ్రికా నేల పాము, మంచు ఎరుగదు.

• థర్మోస్టాట్ (వేడిని అదుపులో ఉంచే పరికరం) లేకుండా హీట్ మ్యాట్ (కరెంటుతో వేడెక్కే పరుపు) వేయవద్దు. ఇందులో బేరం లేదు. అదుపులేని మ్యాట్ పాము పొట్టను కాల్చేస్తుంది. కాలుతున్నా అది చాలాసార్లు పక్కకు జరగదు. థర్మోస్టాట్‌కు వేడి ఎంతో చెప్పే సెన్సర్ ఊడిందేమో రోజూ చూడండి. అది చల్లటి చోట పడితే థర్మోస్టాట్ వేడి పెంచుతూనే పోతుంది.

• వెచ్చని వైపు 31–32 డిగ్రీల సెల్సియస్, చల్లని వైపు 25–26. రెండు థర్మామీటర్లు పెట్టండి. చేత్తో తాకి చెప్పే లెక్క లెక్క కాదు.

• కరెంటుతో వేడెక్కే రాళ్లు వద్దు.

• సిరామిక్ హీటర్ అయితే పింగాణీ హోల్డర్, చుట్టూ జాలీ తప్పనిసరి. గాలి ఎండిపోతుంది కనుక నీళ్ల గిన్నె నిండుగా ఉంచండి.

• కరెంటు పోతే, గాలి రంధ్రాలు మూయకుండా పెట్టెకు దుప్పటి కప్పి, తువ్వాలు చుట్టిన వేడినీళ్ల సీసా లోపల పెట్టండి. కరెంటు రాగానే, హీటర్ వెలిగేలోపే, దుప్పటి తీసేయాలి. ఆ రాత్రి ఎలుకను పెట్టవద్దు: ఒళ్లు చల్లబడితే అరగక కక్కేస్తుంది, శుభ్రం చేసేది మీరే.