అక్వేరియం చేపల తెల్లమచ్చల జబ్బుకు మందు వేసే ముందు జాగ్రత్తలు

• ఫిల్టర్‌లోని యాక్టివేటెడ్ కార్బన్ (బొగ్గు) తీసేయండి, యూవీ లైటు ఆపండి. ఉంచితే మందు వృథా. స్పాంజిని మాత్రం కదపొద్దు.

• నీరు ఎన్ని లీటర్లో లెక్కగట్టండి: పొడవు × వెడల్పు × నీటి ఎత్తు సెంటీమీటర్లలో, 1000తో భాగించాలి. రాళ్లు, ఇసుక ఆక్రమించిన చోటు మినహాయించండి. ట్యాంకు మీద రాసిన లీటర్లను నమ్మితే మోతాదు ఎక్కువవుతుంది.

• రొయ్యలు, నత్తలు ఉంటే రాగి మందు వద్దే వద్దు. పొలుసుల్లేని లోచ్ చేపలకు, క్యాట్‌ఫిష్‌లకు తక్కువ మోతాదే.

• ఎయిర్ పంపు ముందే ఆన్ చేయండి. నీరు వేడెక్కితే ఆక్సిజన్ తగ్గుతుంది. వేడి 28–30 డిగ్రీలకు మెల్లగా పెంచాలి, గంటకు ఒక డిగ్రీ మించకుండా.

• మచ్చ లోపలి పరాన్నజీవిని మందు తాకలేదు, విడిపోయి నీటిలో ఈదుతున్నప్పుడే చంపుతుంది. కాబట్టి మచ్చలు మాయమయ్యాక కూడా కొన్నాళ్లు వేయడానికి సరిపడా ఉందో చూసుకోండి.

• ఇక్కడి వల వేరే ట్యాంకులో ముంచొద్దు.