తక్కువ బడ్జెట్‌లో పాత స్పోర్టీ కారు: దసరా బేరానికి ముందు జాగ్రత్తలు

రాత్రి పది దాటాక బీచ్ రోడ్డులో కారు డివైడర్ ఎక్కిందన్న వార్త వైజాగ్ పేపర్లకు కొత్త కాదు. ప్రతిసారీ "అతివేగం" అని ఒక్క మాటలో తేల్చేస్తారు. ఆ బండి టైర్లు ఏ సంవత్సరానివో, బ్రేక్ డిస్కులు ఎంత అరిగాయో ఎవరూ రాయరు. నూటపది హార్స్‌పవర్ టర్బో బండి కొని దాన్ని ఏడేళ్ల నాటి టైర్ల మీద తిప్పేవాళ్లు ఊళ్లో చాలామందే ఉన్నారు. వాళ్లేమీ పిసినారులు కారు. ఉన్నదంతా బండి ధరకే పోసేశారు, టైర్లకు మిగల్లేదు.

దీనికి తోడు 2024 సెప్టెంబరులో బుడమేరు వరద. విజయవాడలో రోజుల తరబడి నీళ్లలో నానిన కార్లన్నీ తుక్కుకే పోయాయనుకుంటే మనంత అమాయకులు ఉండరు. ఒకప్పుడు ఏపీ 31 కనిపిస్తే మన ఊరి బండి అని కళ్లు మూసుకుని చెప్పేవాళ్లం. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఒకటే సిరీస్. ఏపీ 39 బండి గాజువాకదో విజయవాడ సింగ్‌నగర్‌దో నంబరు చెప్పదు. రవాణా శాఖ యాప్ ఎంపరివాహన్‌లో నంబరు కొట్టి, ఏ ఆఫీసులో రిజిస్టరైందో చూడాలి. అక్కడ విజయవాడ అని వస్తే బండి చెడ్డదని కాదు, నేల మీది కార్పెట్ ఎత్తకుండా బేరం మొదలుపెట్టకూడదని.

అసలు తప్పు

చేతిలో 6 లక్షలుంటే 6 లక్షల బండి చూడకండి. 4 లక్షల 80 వేల బండి చూడండి. అయిదో వంతు పక్కన పెట్టాలి, దాన్ని లేనట్టే లెక్కపెట్టుకోవాలి. పాత స్పోర్టీ బండి కొన్న మొదటి రెండు నెలల్లో ఆ డబ్బు ఎలా పోతుందో చూడండి. నాలుగు మంచి టైర్లకు ముప్పై వేలకు అటూఇటూ. ముందు డిస్కులు, ప్యాడ్లు కలిపి పది నుంచి పదిహేను వేలు. టైమింగ్ బెల్టు ఉన్న ఇంజినైతే బెల్టు, టెన్షనర్, వాటర్ పంప్ కలిపి మరో పదిహేను, ఇరవై వేలు. ఇంజిన్ ఆయిల్, కూలెంట్, బ్రేక్ ఫ్లూయిడ్, ప్లగ్గులు, ఫిల్టర్లకు పన్నెండు వేలు. ఇన్సూరెన్స్, ఆర్సీ మార్పు ఇంకో పాతిక వేలు. క్లచ్చు, షాకబ్జార్బర్లు ఇంకా ఇందులో లేవు.

"తర్వాత నెమ్మదిగా చేయించుకుందాం" అనేదే కొంప ముంచే మాట. జీతం ఈఎంఐకి పోతుంది, టైర్లు వచ్చే నెలకు వాయిదా పడతాయి, ఆ నెల కార్తీకమాసం వచ్చి స్నేహితులు అరకు అంటారు. అనంతగిరి ఘాట్‌లో పొగమంచు, తడి రోడ్డు, గట్టిపడిన రబ్బరు. బండికి పికప్ ఉంది, ఆగడమే లేదు.

ఏ బండి?

పోలో జీటీ టీఎస్ఐ చాలామంది మొదటి కల. 2013లో వచ్చిన 1.2 టర్బోకు ఏడు గేర్ల డీఎస్జీ, అంటే రెండు క్లచ్చుల ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఉంటుంది. దాని క్లచ్చులు ఆయిల్‌లో మునగని డ్రై రకం, ట్రాఫిక్‌లో వేడెక్కుతాయి. గేర్లు మార్చే మెకట్రానిక్ యూనిట్ పోతే బిల్లు లక్ష దాటుతుంది. ఎన్‌ఏడీ నుంచి గాజువాక దాకా సాయంత్రం ఆరింటికి, ఏసీ వేసి, పాక్కుంటూ నడిపి చూడండి. ఒకటి నుంచి రెండుకు, రెండు నుంచి ఒకటికి మారేటప్పుడు దడదడ వణికితే వదిలేయండి. రోజూ ఆ రూట్లో ఆఫీసుకు వెళ్లేవాళ్లకు 2020 తర్వాతి 1.0 టీఎస్ఐ మేలు. 110 పీఎస్ (దాదాపు హార్స్‌పవర్ లెక్కే), ఆరు గేర్లు, ఆటోమేటిక్ కావాలంటే మామూలు టార్క్ కన్వర్టర్. పోలో ఇక్కడ 2022లో ఆగిపోయింది కాబట్టి ఏ బండైనా ఇప్పుడు పాతదే.

బాలెనో ఆర్ఎస్‌ను జనం పట్టించుకోరు, అందుకే బేరం బాగా కుదురుతుంది. ఒక లీటరు బూస్టర్‌జెట్, 102 పీఎస్, నాలుగు చక్రాలకూ డిస్కులే. 2017 నుంచి మూడేళ్లే అమ్మారు. మామూలు బాలెనోకు బ్యాడ్జీ అంటించి ఆర్ఎస్ అనేవాళ్లున్నారు. వెనక చక్రంలో డ్రమ్ కనబడితే అది ఆర్ఎస్ కాదు. ఫిగో 1.5 డీజిల్ 100 పీఎస్, 215 న్యూటన్ మీటర్లు, ఆ ధరకు అంత లాగుడు ఇంకెక్కడా దొరకదు. ఫోర్డ్ 2021లో ఇక్కడ కార్ల తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది, అందుకని బాడీ పార్టుల సంగతి ముందే వాకబు చేయాలి. అబార్త్ పుంటో 145 పీఎస్, మనసు లాగుతుంది. ఫియట్ 2019లోనే వెళ్లిపోయింది. ఇంట్లో రెండో బండి ఉన్నవాళ్లే దాని జోలికి వెళ్లాలి. ఐ20 ఎన్ లైన్ 120 పీఎస్, 2021 నుంచి ఉంది. బడ్జెట్ అందితే ఇది తలనొప్పి తక్కువ, కొంటే మాన్యువలో, క్లచ్ పెడల్ లేని ఐఎంటీనో కొనండి.

చూడటానికి వెళ్లేటప్పుడు

ఇంజిన్ చల్లగా ఉంచమని ముందు రోజే చెప్పండి. వెళ్లగానే పలకరింపులకన్నా ముందు బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఏదో దాస్తున్నారు, మర్నాడు వస్తామని చెప్పి వచ్చేయండి. చల్లటి ఇంజిన్ తిప్పిన మొదటి రెండు మూడు సెకన్లలోనే టైమింగ్ చైన్ గలగల వినబడుతుంది, వేడెక్కాక వినబడదు. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది, తప్పు టర్బోదో వాల్వ్ సీళ్లదో. తియ్యటి వాసనతో తెల్ల పొగ ఆగకుండా వస్తుంటే కూలెంట్ లోపలికి పోతోంది.

టైరు వయసు టైరు మీదే ఉంటుంది. డీఓటీ అన్న అక్షరాల వరుస చివర నాలుగంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం. ఆ నాలుగంకెలు ఒక వైపే ఉంటాయి, చాలాసార్లు లోపలి వైపు. చక్రం పూర్తిగా తిప్పి, టార్చి పట్టి, కిందకు వంగి చూడాలి. గాడుల లోతు బాగుందని అమ్మేవాడు చూపిస్తాడు. లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే టైరు ఎలాగూ పనికిరాదు. లోతున్నా అయిదారేళ్లు దాటితే రబ్బరు గట్టిపడిపోతుంది, తడి రోడ్డు మీద పట్టు ఉండదు. బీచ్ రోడ్డు పక్కన ఎండలో, ఉప్పుగాలిలో నిలబెట్టిన బండికైతే ఇంకా తొందరగా.

వరద బండిని సీటు బెల్టు పట్టిస్తుంది. ముందు సీటు బెల్టును పూర్తిగా, ఆఖరి అంగుళం దాకా లాగండి. షాంపూ వాష్‌లో పైన కనిపించే భాగం కడుగుతారు, చుట్ట లోపలి భాగం ఎవరూ కడగరు. అక్కడ మట్టి చార కనిపిస్తే నీళ్లు ఆ ఎత్తు దాకా వచ్చాయి. తర్వాత సీటు పట్టాల బోల్టులు, స్టెప్నీ గుంత, ఫ్యూజు బాక్సు కనెక్టర్లలో పచ్చటి చిలుము. కారులో అత్తరు వాసన గుప్పుమంటే అద్దాలు ఎక్కించి పది నిమిషాలు లోపలే కూర్చోండి, దాని కింద ఉన్న ముక్క వాసన పైకి వస్తుంది.

ఉప్పుగాలి సంగతి వేరు. లాసన్స్ బే, జాలరిపేట వైపు ఏళ్ల తరబడి బయట నిలిపిన బండికి పైన పెయింటు నిగనిగలాడుతుంది, కింద సబ్‌ఫ్రేమ్, బ్రేక్ పైపులు, సైలెన్సర్ అతుకులు పొరలు పొరలుగా ఊడుతుంటాయి. లిఫ్ట్ మీద ఎక్కించకుండా కొనకండి. ఆటోనగర్‌లో లిఫ్ట్ ఉన్న షెడ్డుకు తీసుకెళ్లి గంట చూపించడానికి అయ్యే ఖర్చు ఒక టైరు ధరలో సగం కూడా ఉండదు. 2014 అక్టోబరు 12 కన్నా ముందు నుంచి ఇక్కడే ఉన్న బండైతే రూఫ్ కూడా చూడండి. ఆ రోజు హుద్‌హుద్ తుఫానుకు చెట్టు పడి టింకరింగ్ చేయించుకున్న బండ్లు ఇంకా తిరుగుతున్నాయి.

ఇక్కడి నుంచి వరసగా:

అమ్మేవాడి మెకానిక్‌కు చూపించకండి.

బండి కంప్యూటర్‌లోని తప్పులను ఫోన్లో చూపే ఓబీడీ డాంగిల్, వెయ్యి రూపాయలది, ఒకటి కొనుక్కోండి. తప్పుల కోడ్లు ఏమీ లేవంటే సంబరపడకండి, రెడీనెస్ మానిటర్లు, అంటే బండి తనంతట తాను చేసుకునే పరీక్షలు, పూర్తయ్యాయేమో చూడండి. అవి పూర్తవలేదంటే కోడ్లు నిన్నో మొన్నో తుడిచారు, లేదా బ్యాటరీ విప్పారు.

తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి ఆరాలి. అసలు వెలగకపోతే ఏదో దాచారు, బండి దిగండి.

పవర్ పెంచడానికి ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్చిన, అంటే రీమ్యాప్ చేసిన బండి వద్దు. "స్టేజ్ వన్ చేశాం, మళ్లీ స్టాక్‌లో పెట్టేశాం" అంటే అస్సలు వద్దు. క్లచ్చు, టర్బో తిన్న దెబ్బ సాఫ్ట్‌వేర్‌తో వెనక్కు రాదు. ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పని రీమ్యాప్ బయటపడితే క్లెయిం కూడా తిరగ్గొట్టొచ్చు.

స్ప్రింగులు కోసి కిందకు దించిన బండి వద్దు. జ్ఞానాపురం అండర్‌పాస్ ఒక్క వానకే నిండుతుంది. ఎయిర్ ఇన్‌టేక్‌లోకి నీళ్లు పోతే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఇన్సూరెన్స్‌లో ఇంజిన్ ప్రొటెక్ట్ యాడాన్ లేకపోతే ఆ బిల్లు మీదే.

నీళ్లలో ఆగిపోయిన బండిని మళ్లీ స్టార్ట్ చేయకండి.

కైలాసగిరి కొండ ఎక్కించి దించండి. దిగేటప్పుడు స్టీరింగ్ వణికితే డిస్కులు వంకరపోయాయి. పెడల్ మెత్తబడితే ఫ్లూయిడ్‌లో నీరు చేరింది. సముద్రపు తేమలో ఇది రెండేళ్లకోసారి మార్చాల్సిందే.

టెస్ట్ డ్రైవ్‌లో పాటలు వద్దు.

బ్రేక్ డిస్కు అంచు మీద కనీస మందం అచ్చు వేసి ఉంటుంది. వెర్నియర్ కాలిపర్ పెట్టి కొలిపించండి.

తెలంగాణ, ఒడిశా బండి చవగ్గా వచ్చిందని ఎగబడకండి. అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తేవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి, ఆ మొత్తం కలిపాకే ధర పోల్చండి. ఢిల్లీ నుంచి దిగిన పదేళ్ల డీజిల్‌కు కూడా ఇదే లెక్క, అదనంగా ఎన్‌వోసీ నిజమైనదేనా అన్న అనుమానం.

ఫైనాన్సు తీరిందని నోటిమాట నమ్మకండి. ఆర్సీలో హైపోథికేషన్ (బండి మీద అప్పు నమోదు) ఉంటే బ్యాంకు లెటరు, దాన్ని తీయించే ఫారం 35 చేతికి వచ్చాకే మిగతా డబ్బు.

బండి పేరు మార్చే ఫారం 29, 30 మీద ఓనరే మీ ఎదుట సంతకం పెట్టాలి. తమ్ముడు పెట్టాడు, బావ పెట్టాడు కుదరదు.

లిఫ్ట్ మీద చూడకముందు టోకెన్ అడ్వాన్సు ఇవ్వకండి. "ఇంకో పార్టీ దారిలో ఉంది" అంటే ఆ పార్టీకే ఇచ్చేయమనండి.

ఆర్సీ పేరు మారిన 14 రోజుల్లోపు ఇన్సూరెన్స్ మీ పేరుకు మార్పించుకోండి. లేకపోతే ఓన్ డ్యామేజ్, అంటే మీ బండికి జరిగిన నష్టానికి క్లెయిం దక్కదు. అమ్మినవాడి నో క్లెయిం బోనస్ మీకు రాదు, ప్రీమియం లెక్క దానికి తగ్గట్టు వేసుకోండి.

బండి ఇంటికి వచ్చిన రోజు అలాయ్ వీల్స్ కొనకండి. సౌండు కొనకండి. ముందు టైర్లు, తర్వాత బ్రేకులు, తర్వాత ఆయిళ్లు. ఈ మూడూ అయ్యేదాకా ఘాట్ ఎక్కొద్దు.

మళ్లీ అదే: 6 లక్షలుంటే 4 లక్షల 80 వేల బండి. బేరం ఆఖరి పదివేల దగ్గర ఆగితే ఆ పదివేలు టైర్ల డబ్బులోంచి తీయకండి. మీ దగ్గర టైర్ల డబ్బు విడిగా ఉందని అమ్మేవాడికి తెలియనివ్వకండి.