ఇంటి మీడియా సర్వర్‌కు ఆయాసం ఎందుకు? ప్రాసెసర్ మీద భారం తగ్గించే పద్ధతి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు తెలుగిళ్లలో హాల్లో టీవీ ఒకటే ఉంటుంది, భాషలు రెండు మూడు ఉంటాయి. తెలుగు సినిమా నడుస్తుంటే ఒడియా మీడియంలో చదివే పిల్లలకు, ఒడియా ఇంటి నుంచి వచ్చిన కోడలికి సబ్‌టైటిల్ కావాలి. మూలన పాత డెస్క్‌టాప్ మీద జెల్లీఫిన్ (అందులోని వీడియోలను టీవీకి, ఫోన్‌కు పంపే మీడియా సర్వర్ ప్రోగ్రామ్) హాయిగా నడుస్తుంటుంది. సబ్‌టైటిల్ ఆన్ చేయగానే ఫ్యాన్ గోల మొదలవుతుంది, ప్రాసెసర్ వంద శాతానికి చేరుతుంది, బొమ్మ ఆగి ఆగి వస్తుంది. కొత్త కంప్యూటర్ కొనాలేమో అనిపించేది ఇక్కడే. చాలా ఇళ్లలో ఆ అవసరం ఉండదు.

ముందు కారణం పట్టుకోవాలి

సర్వర్ నాలుగు రకాలుగా వీడియో పంపుతుంది. ఫైల్‌ను ఉన్నదున్నట్టు పంపితే డైరెక్ట్ ప్లే. అప్పుడు ప్రాసెసర్‌కు పని లేనట్టే, హార్డ్‌డిస్క్ చదివి నెట్‌వర్క్‌లోకి తోస్తే చాలు. ఎంకేవీ డబ్బా (బొమ్మ, శబ్దం, సబ్‌టైటిల్ కలిపి ఉంచే ఫైల్ రకం) విప్పి, లోపలి బొమ్మనూ శబ్దాన్నీ ముట్టుకోకుండా వేరే డబ్బాలో సర్దితే రీమక్స్. శబ్దం ఒక్కటే మార్చి బొమ్మను అలాగే వదిలితే డైరెక్ట్ స్ట్రీమ్. ఈ రెండూ తేలికే. బొమ్మను ఫ్రేమ్ ఫ్రేమూ విప్పి మళ్లీ కుదించడం ట్రాన్స్‌కోడ్. ప్రాసెసర్‌ను తినేసేది ఇదొక్కటే. కాబట్టి ట్రాన్స్‌కోడ్ ఎందుకు జరుగుతోందో తెలుసుకుంటే పని సగం అయినట్టే.

వీడియో నడుస్తుండగా ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో అడ్మిన్ డ్యాష్‌బోర్డ్ తెరవండి. నడుస్తున్న వీడియో కార్డ్ మీద సమాచారం గుర్తు నొక్కితే కారణం రాసి ఉంటుంది: వీడియో కోడెక్ (కుదించే పద్ధతి) సపోర్ట్ లేదనో, ఆడియో కోడెక్ సపోర్ట్ లేదనో, సబ్‌టైటిల్ కోడెక్ సపోర్ట్ లేదనో, బిట్‌రేట్ (సెకనుకు పంపే డేటా) పరిమితి దాటిందనో. ఆ ఒక్క వాక్యం చదవకుండా సెట్టింగులు కెలికితే రోజంతా వృథా.

ఇంకా లోతుగా చూడాలంటే లాగ్స్‌లో ఎఫ్ఎఫ్ఎంపెగ్ (జెల్లీఫిన్ తరఫున వీడియో మార్చే ప్రోగ్రామ్) పేరుతో మొదలయ్యే ఫైలు తెరవండి. పేరులోనే ట్రాన్స్‌కోడ్, రీమక్స్, డైరెక్ట్ స్ట్రీమ్ అని తేడా కనిపిస్తుంది. చివరి లైన్లలో స్పీడ్ అని ఒక అంకె మారుతూ ఉంటుంది. అది 1 కంటే పైన ఉంటే, ప్రాసెసర్ వంద శాతం చూపించినా కంగారు లేదు, ముందు ముందుకు వండి పెట్టుకుంటోందని అర్థం. 0.62 అని ఉందనుకోండి, ఒక నిమిషం బొమ్మ సిద్ధం చేయడానికి దాదాపు 97 సెకన్లు పడుతోంది. బఫరింగ్ గుండ్రం తిరిగేది అందుకే.

సబ్‌టైటిల్: అసలు దొంగ

సబ్‌టైటిళ్లు రెండు జాతులు. ఎస్ఆర్‌టీ లాంటివి వట్టి అక్షరాలు. టీవీ యాపే వాటిని బొమ్మ మీద పరుస్తుంది, సర్వర్‌కు శ్రమ లేదు. బ్లూరే నుంచి వచ్చే పీజీఎస్, డీవీడీ నుంచి వచ్చే వాబ్‌సబ్ అక్షరాలు కావు, చిన్న చిన్న బొమ్మలు. వాటిని చూపించడం చేతకాని టీవీ యాప్ ఎదురైతే, సర్వర్ ఆ బొమ్మలను వీడియోలోనే అతికించి పంపాలి. అతికించాలంటే వీడియో మొత్తాన్ని విప్పి మళ్లీ కుదించక తప్పదు. రెండు గంటల సినిమాలో పది డైలాగులకే సబ్‌టైటిల్ ఉన్నా రెండు గంటలూ ట్రాన్స్‌కోడే. రంగులు, స్థానాలు ఉండే ఏఎస్ఎస్ రకం మధ్యలో ఉంటుంది: కొన్ని యాప్‌లు నేరుగా చూపిస్తాయి, కొన్ని అతికించమంటాయి.

మందు మూడు మెట్లు. మొదటిది, ఎంకేవీ టూల్‌నిక్స్ అనే ప్రోగ్రామ్‌లో ఫైల్ తెరిచి పీజీఎస్ ట్రాక్‌ల టిక్ తీసేయండి. కనీసం వాటి డిఫాల్ట్, ఫోర్స్‌డ్ జెండాలను కాదు అని మార్చండి. డిఫాల్ట్ జెండా ఉన్న ట్రాక్‌ను యాప్ అడగకుండానే ఆన్ చేస్తుంది. ఎవరూ సబ్‌టైటిల్ పెట్టకపోయినా సర్వర్ వేడెక్కడం వెనక తరచూ ఉండేది ఇదే. ఈ పనిలో వీడియో మళ్లీ కుదించబడదు, ఫైల్ కాపీకి పట్టినంత సేపే.

రెండోది, ఎస్ఆర్‌టీ ఫైలు సినిమా పక్కనే పెట్టండి. పేరు సినిమా ఫైల్ పేరే ఉండాలి, ఆ తర్వాత చుక్క, భాష గుర్తు, చుక్క, ఎస్ఆర్‌టీ. తెలుగుకు భాష గుర్తు టీ-ఈ, ఒడియాకు ఓ-ఆర్. నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 ఉందో లేదో చూసుకోండి. లేకపోతే తెలుగు బదులు ప్రశ్నార్థకాలు వస్తాయి. పీజీఎస్ బొమ్మల్ని సబ్‌టైటిల్ ఎడిట్ అనే ప్రోగ్రామ్‌తో అక్షరాలుగా మార్చవచ్చు. ఇంగ్లిష్‌కు బాగానే వస్తుంది. తెలుగు, ఒడియాల్లో ఒత్తుల దగ్గర తప్పులు దొర్లుతాయి, కూర్చుని దిద్దాల్సిందే.

మూడోది జెల్లీఫిన్ యాప్‌లో మీ యూజర్ సెట్టింగులు, సబ్‌టైటిళ్లు, బర్న్ సబ్‌టైటిల్స్. అక్కడ ఆటో గానీ, బొమ్మ రకాలు మాత్రమే అనేది గానీ ఉంచండి. క్లిష్టమైన రకాలన్నీ అనేది ఎంచుకుంటే ఏఎస్ఎస్ కూడా అతికింపు కిందికి వస్తుంది.

ఇక్కడే మన ప్రాంతపు చిక్కు ఒకటుంది. కొన్ని టీవీల యాప్‌లలో తెలుగు బాగానే వస్తుంది, ఒడియా అక్షరాల చోట డబ్బాలు వస్తాయి. టీవీలో ఆ ఫాంట్ లేదన్నమాట. జనం చేసే తప్పు, అది చూసి సబ్‌టైటిల్‌ను సర్వర్ దగ్గరే అతికించమని పెట్టడం. డబ్బాలు పోతాయి, ప్రాసెసర్ మంట మొదలవుతుంది. ఆండ్రాయిడ్ టీవీలోనో, ఆండ్రాయిడ్ టీవీ బాక్స్‌లోనో సాధారణంగా రెండు లిపుల ఫాంట్లూ ఉంటాయి, కాబట్టి టీవీకి ఒక బాక్స్ తగిలించడం సర్వర్ మార్చడం కంటే చవక. అతికించక తప్పని పరిస్థితిలో నోటో సాన్స్ తెలుగు, నోటో సాన్స్ ఒరియా ఫాంట్లు సర్వర్ నడిచే కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేయండి. లేదంటే ట్రాన్స్‌కోడ్ భారమూ మోసి, డబ్బాలూ చూడాల్సి వస్తుంది.

క్వాలిటీ, వైఫై, శబ్దం

యాప్‌లో వీడియో క్వాలిటీ ఆటో అని ఉంటే, అది నెట్‌వర్క్ వేగం కొలిచి దానికి తగ్గట్టు బిట్‌రేట్ అడుగుతుంది. రెండు గోడల అవతల ఉన్న 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలో ఆ కొలత తక్కువ వస్తుంది, ఇంట్లోనే ఉన్న ఫైల్‌ను సర్వర్ కుదించి పంపుతుంది. టీవీకి తంతి లాగండి. కుదరకపోతే 5 గిగాహెర్ట్జ్‌కు మార్చండి. తర్వాత హోమ్ నెట్‌వర్క్ క్వాలిటీని అన్నిటికంటే పై అంకెకు పెట్టండి. చాలా టీవీల ఈథర్నెట్ పోర్టు 100 మెగాబిట్లదే. మామూలు సినిమాకు అది ధారాళం. కెమెరా నుంచి నేరుగా తీసిన 100 మెగాబిట్ల 4కే ఫైలుకు మాత్రం చాలదు.

కారణం ఆడియో అని చూపిస్తే పెద్దగా పట్టించుకోకండి. డీటీఎస్‌ను ఏఏసీగా మార్చడం పాత ప్రాసెసర్‌కు కూడా తేలిక.

ల్యాప్‌టాప్ మీద బ్రౌజర్‌లో చూసేవాళ్లు జెల్లీఫిన్ డెస్క్‌టాప్ యాప్ వేసుకోవడం మంచిది. బ్రౌజర్ ఆడలేని కోడెక్‌లు చాలా ఉన్నాయి, వాటన్నిటికీ సర్వరే కష్టపడాలి.

ఇంటి వీడియోలు ఒకేసారి మార్చిపెట్టండి

కొన్న సినిమాల కంటే ఎక్కువ ఏడిపించేవి ఇంటి వీడియోలు. పెళ్లి వీడియోగ్రాఫర్ ఇచ్చిన పెన్‌డ్రైవ్, రెండేళ్లకోసారి వచ్చే బరంపురం ఠాకురాణి యాత్రలో పులివేషాలను ఫోన్‌లో తీసిన 4కే క్లిప్పులు, పాత వీసీడీలు: ఒక్కోదానిది ఒక్కో తంటా. ఐఫోన్‌లో 4కే 60 ఫ్రేముల హెచ్‌ఈవీసీ (హెచ్.264 తర్వాత వచ్చిన వీడియో కోడెక్) నిమిషానికి 400 మెగాబైట్లు, అంటే సెకనుకు 53 మెగాబిట్ల పైచిలుకు. పాత టీవీకి అది పంపాలంటే సర్వర్ విప్పాలి, తగ్గించాలి, హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడా ఎక్కువగా చూపే రకం) అయితే రంగులు కూడా మార్చాలి. రంగుల మార్పు ప్రాసెసర్ మీదే జరిగితే సాదాసీదా డెస్క్‌టాప్ చేతులెత్తేస్తుంది. టీవీ పాతదైతే ఫోన్ కెమెరా సెట్టింగులలో హెచ్‌డీఆర్ ఆపి తీయడం సులువు.

కెమెరా నుంచి వచ్చిన 10 బిట్ హెచ్.264 మరీ మొండిది. టీవీలు గానీ, ఇళ్లలో ఉండే గ్రాఫిక్స్ చిప్‌లు గానీ దాదాపు ఏవీ దాన్ని విప్పలేవు. వీడియోగ్రాఫర్‌ను 8 బిట్ హెచ్.264లో, 1080పీలో ఇంకో కాపీ అడగండి.

వీసీడీలో బొమ్మ 352 బై 288 ఎంపెగ్-1. డీవీడీలో 720 బై 576 ఎంపెగ్-2, పైగా ఇంటర్‌లేస్డ్ (బొమ్మను ఒక గీత విడిచి ఒక గీతగా రెండు భాగాల్లో దాచే పద్ధతి). ఇవి చిన్నవే గానీ చాలా టీవీ యాప్‌లు వీటిని నేరుగా ఆడవు, అలాంటప్పుడు చూసిన ప్రతిసారీ ట్రాన్స్‌కోడ్. ఒకసారి మార్చి పెట్టుకుంటే ఆ బెడద ఉండదు.

హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్చే ప్రోగ్రామ్‌లో ఫాస్ట్ 1080పీ30 ప్రీసెట్ తీసుకుని నాలుగు మార్పులు చేయండి. ఫ్రేమ్‌రేట్‌ను మూలం ప్రకారం అని పెట్టండి, లేకపోతే 60 ఫ్రేములది 30కి పడిపోతుంది. వీడియో ఎన్‌కోడర్ ఎక్స్264, క్వాలిటీ ఆర్ఎఫ్ 20 (అంకె తగ్గేకొద్దీ బొమ్మ మెరుగు). వీసీడీ వంటి బలహీనమైన బొమ్మకు 18. ఆడియో ఏఏసీ స్టీరియో, బిట్‌రేట్ 160. డీవీడీ అయితే ఫిల్టర్లలో డీఇంటర్‌లేస్ ఆన్ చేయండి, లేదంటే తలంబ్రాలు పోసే చేతుల చుట్టూ దువ్వెన పళ్లలాంటి గీతలు కనిపిస్తాయి. బొమ్మ కొలతలు పెంచకండి, 352 బై 288ను 1080కి సాగదీస్తే ఫైలు పెరుగుతుంది తప్ప ముఖాలు స్పష్టం కావు. క్యూలో పెట్టి రాత్రి వదిలేయండి. అసలు ఫైళ్లను వేరే డిస్క్‌లో దాచాకే మార్చండి.

హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఉన్న పిల్లలు ఇంటి సర్వర్ నుంచి చూస్తుంటే, అప్‌లోడ్ వేగం చాలక ట్రాన్స్‌కోడ్ అవుతుంది. వాళ్లు తరచూ చూసేవాటికి 720పీ కాపీ ఒకటి చేసి, అదే సినిమా ఫోల్డర్‌లో, ఫోల్డర్ పేరు తర్వాత ఖాళీ, అడ్డగీత, ఖాళీ, 720పీ అని చేర్చి పెట్టండి. జెల్లీఫిన్ రెండిటినీ ఒకే సినిమాకు రెండు వెర్షన్లుగా చూపిస్తుంది.

గ్రాఫిక్స్ చిప్‌కు పని అప్పగించడం

ట్రాన్స్‌కోడ్ తప్పనిచోట ఇంటెల్ క్విక్ సింక్ (ఇంటెల్ ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ చిప్‌లో వీడియో విప్పి కుదించే భాగం) ఆదుకుంటుంది. 2011 నాటి రెండో తరం నుంచి హెచ్.264 చేస్తుంది. ఆరో తరం నుంచి 8 బిట్ హెచ్‌ఈవీసీ, ఏడో తరం నుంచి 10 బిట్ హెచ్‌ఈవీసీ, వీపీ9 కోడెక్, పదకొండో తరం నుంచి ఏవీ1 కోడెక్ విప్పడం. ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉంటే అందులో గ్రాఫిక్స్ చిప్పే పనిచేయదు. జెల్లీఫిన్‌లో ఇది ఉచితం, ప్లెక్స్ అనే మరో మీడియా సర్వర్‌లో పాస్ కొనాలి.

డ్యాష్‌బోర్డ్, ప్లేబ్యాక్, ట్రాన్స్‌కోడింగ్‌లో క్విక్ సింక్ ఎంచుకోండి. కింద కోడెక్ టిక్‌లు ఉంటాయి. ఉన్నవన్నీ టిక్ పెట్టేయడం మామూలు తప్పు. ఆరో తరం చిప్‌కు ఏవీ1 టిక్ పెడితే వీడియో మొదలవకుండానే ఎర్రర్ వస్తుంది. మీ తరానికి ఉన్నవే పెట్టండి.

విండోస్‌లో ఇంటెల్ డ్రైవర్ ఉంటే చాలు. లినక్స్‌లో జెల్లీఫిన్ యూజర్‌ను రెండర్ గ్రూప్‌లో చేర్చి సర్వీస్ రీస్టార్ట్ చేయాలి. ఇది మరిచిపోయి చిప్ పాడైందనుకునేవాళ్లు చాలామంది. డాకర్ అయితే డీఆర్ఐ డివైస్ ఫోల్డర్‌ను కంటెయినర్‌లోకి ఇవ్వాలి, రెండర్ గ్రూప్ నంబర్ కూడా ఇవ్వాలి. పనిచేస్తోందో లేదో ఇంటెల్ జీపీయూ టాప్ అనే లినక్స్ ప్రోగ్రామ్‌లో తేలుతుంది: ట్రాన్స్‌కోడ్ నడుస్తుండగా వీడియో అనే గీత కదలాలి. సున్నా దగ్గరే ఉంటే పని ఇంకా ప్రాసెసర్ మీదే ఉంది. హెచ్‌డీఆర్ ఫైళ్లకు టోన్ మ్యాపింగ్ (ఆ రంగులను మామూలు టీవీకి తగ్గట్టు మార్చడం) కూడా ఆన్ చేయండి, లేకపోతే బొమ్మ పాలిపోతుంది. ఇదంతా ఉన్నా, అతికించే సబ్‌టైటిల్ అక్షరాలను బొమ్మగా గీసేది ప్రాసెసరే, కనుక ముందు చెప్పిన ఎస్ఆర్‌టీ పని ఎలాగూ చేయాల్సిందే.

అదే పేజీలో థ్రాటిల్ ట్రాన్స్‌కోడ్స్ ఆన్ చేయండి. చూస్తున్న చోటు కంటే బాగా ముందుకు వెళ్లాక ట్రాన్స్‌కోడ్ కాసేపు ఆగుతుంది. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడిచే సాయంత్రాల్లో ఇది కలిసొస్తుంది.

ఎవరూ చూడకపోయినా ప్రాసెసర్ నిండిపోతోందా? షెడ్యూల్డ్ టాస్కులు చూడండి. కొత్త ఫైళ్లు వేసినప్పుడు ట్రిక్‌ప్లే బొమ్మలు (వీడియోను ముందుకు జరిపేటప్పుడు కనిపించే చిన్న బొమ్మలు), చాప్టర్ బొమ్మలు తీయడానికి ప్రతి వీడియోనూ విప్పుతుంది. లైబ్రరీ స్కాన్ సమయంలోనే తీయమనే టిక్ తీసేసి, ఆ పనిని తెల్లవారుజాము మూడింటికి పెట్టండి. ట్రిక్‌ప్లేలో కీ ఫ్రేములు మాత్రమే అనేది ఎంచుకుంటే పని చాలా తగ్గుతుంది.

ఇన్ని చేశాక కూడా స్పీడ్ అంకె 1 దాటకపోతే అప్పుడు కొనే ఆలోచన. అంతకు ముందు కంప్యూటర్ డబ్బా విప్పి హీట్‌సింక్ దుమ్ము దులపండి, ఎండిపోయిన థర్మల్ పేస్ట్ మార్చండి. మే నెలలో వేడికి ప్రాసెసర్ తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది. కొంటే ఇంటెల్ ఎన్100 చిన్న బాక్స్ ఈ పనికి సరిపోతుంది: టీడీపీ 6 వాట్లు, లోపల క్విక్ సింక్. రాస్‌ప్బెర్రీ పై 5 వద్దు. దానిలో హెచ్‌ఈవీసీ విప్పే హార్డ్‌వేర్ ఉంది గానీ కుదించేది లేదు, ట్రాన్స్‌కోడ్ వచ్చిందంటే దాని నాలుగు కోర్ల మీదే పడుతుంది.