బీసీడీ సైజు: వెట్‌సూట్ మీద వేసి చూడండి

నా మొదటి బీసీడీని, అంటే స్కూబా డైవింగ్‌లో గాలి నింపుకుని తేలడానికి వేసుకునే జాకెట్‌ను, టీషర్టు మీద వేసుకుని చూసి కొన్నాను. తర్వాత 5 మిల్లీమీటర్ల మందం వెట్‌సూట్ (నీళ్లలో ఒంటిని వెచ్చగా ఉంచే సూట్) మీద తొడిగి గాలి నింపితే ఛాతీ బిగుసుకుపోయి ఊపిరి సగమే అందింది. ఆ టెన్షన్ మీకు వద్దు. ఏ సూట్‌తో నీళ్లలోకి దిగుతారో అది వేసుకునే సైజు చూడండి.

ఖాళీ జాకెట్ తొడిగి సరిపోయిందనుకోవద్దు. పట్టీలు బిగించి, గాలి ఎక్కువైతే దానంతటదే తెరుచుకునే రిలీఫ్ వాల్వ్ గాలి వదిలేదాకా నింపి, నిండా ఊపిరి పీల్చండి. పక్కటెముకలు నొక్కుకుంటే పై సైజు చూడాలి. ఇప్పుడు గాలంతా తీసేసి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమని ఎవరికైనా చెప్పండి. జాకెట్ చెవుల దాకా లేస్తే అది వదులు. నీటి మీద తేలేటప్పుడూ అలాగే గడ్డం కిందికి వచ్చేస్తుంది. నీటి లోపల సిలిండర్ వీపు మీద అటూ ఇటూ ఒరుగుతుంటే స్థిరంగా ఈదడం చాలా కష్టం.

కంపెనీల ఎత్తు, బరువు పట్టిక మొదటి అంచనాకే. నా దృష్టిలో మొండెం పొడవే అసలు కొలత. అది పొట్టిగా ఉంటే నడుము పట్టీ తుంటి మీదికి జారి, మునగడానికి బరువులు కట్టుకునే వెయిట్ బెల్టుకు అడ్డం వస్తుంది. మహిళల కోసం వేరే కట్‌తో చేసినవీ ఉన్నాయి, తప్పక వేసి చూడండి.

సాధారణంగా సైజు పెరిగితే లిఫ్ట్ (నీటిలో పైకి తేల్చే శక్తి) కూడా పెరుగుతుంది. కానీ లిఫ్ట్ కోసం వదులు జాకెట్ కొనకండి, అదే సైజులో ఎక్కువ లిఫ్ట్ ఉన్న మోడల్ వెతకండి.

చివరగా కళ్లు మూసుకుని గాలి నింపే ఇన్‌ఫ్లేటర్‌ను, గాలి వదిలే డంప్ వాల్వ్ తాళ్లను అందుకోండి. తడుముకోవాల్సి వస్తే ఇంకొకటి తొడిగి చూడండి.