పాత, పురాతన, ప్రాచీన: ఏ వస్తువుకి ఏ మాట వాడాలి?

అటక మీద నుంచి దించిన ఇత్తడి బిందె ఫొటో పెట్టి "మా పురాతన బిందె" అని రాస్తే చదవగానే నాకు ఎక్కడో కలుక్కుమంటుంది. ఆ బిందె మీ నానమ్మ కాపురానికి తెచ్చుకున్నదై, అంచు కింద చుక్కచుక్కలుగా ఆవిడ పేరు కొట్టించి ఉంటే, అది నానమ్మ నాటి బిందె. ఈ "నాటి" అనే మాట ఎంత చక్కగా పనిచేస్తుందో చూడండి, వస్తువు ఎంత పాతదో చెబుతుంది, ఎవరిదో కూడా చెబుతుంది. తాతల నాటి గడియారం, నిజాం కాలం నాటి నాణెం.

మరి "పురాతన" ఎప్పుడు వాడాలి? ఇందులో ఉన్న "పురా" అంటే పూర్వం. పురాణంలోనూ, పురావస్తు శాఖ పేరులోనూ ఉన్నది ఇదే. అంటే గడిచిపోయిన ఒక యుగానికి చెందిన వాటికి, గుడికో కోటకో శాసనానికో, ఈ మాట నప్పుతుంది. పదేళ్ల కిందట కొన్న ఫోన్‌కి "పాత ఫోన్" చాలు. "పురాతమైన" అని "న" మింగేసి రాయకండి, పురాతనమైన అనాలి.

బాగా కనిపించే పొరపాటు ఇంకోటి ఉంది, "100 సంవత్సరాల పురాతన భవనం" అని రాయడం. ఇంగ్లీషు వాక్యాన్ని తెచ్చి తెలుగులో పెట్టినట్టు ఉంటుంది, పైగా వయసు చెప్పేశాక మళ్లీ పురాతన ఎందుకు? వందేళ్ల నాటి భవనం అనండి. "ఐదేళ్ల పాత బండి" కూడా అంతే, ఐదేళ్ల కిందట కొన్న బండి అంటే సరిపోతుంది.

"ప్రాచీన" ఎక్కువగా భాషకి, సాహిత్యానికి, నాగరికతకి వాడతాం. 2008లో తెలుగుకి వచ్చింది ప్రాచీన హోదా. ప్రాచీన కుర్చీ అని మాత్రం ఎవరూ అనరు.

"పాత"తో ఒక్క జాగ్రత్త. "పాత ఇల్లు" అంటే కట్టి చాలా ఏళ్లయిన ఇల్లు కావచ్చు, మనం ఇంతకు ముందు ఉన్న ఇల్లూ కావచ్చు, అది నిన్న మొన్న కట్టినదైనా సరే. రెండు అర్థాలూ తగిలే చోట "ఇంతకు ముందున్న ఇల్లు" అని విడమర్చండి. మనుషుల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి, పాత స్నేహితుడు వేరు, ముసలి స్నేహితుడు వేరు.

అమ్మకానికి పెట్టేటప్పుడు "యాంటిక్" అని ఊరికే తగిలించకండి. మన దేశంలో 1972 నాటి చట్టం ప్రకారం పురావస్తువు అనాలంటే సాధారణంగా కనీసం 100 ఏళ్లు నిండాలి, చారిత్రక, సాహిత్య విలువ ఉన్న రాతప్రతులకైతే 75. అలాంటి వాటి వ్యాపారానికి లైసెన్సు కావాలి, సొంతంగా విదేశాలకు పంపడం కుదరదు. ఏ సంవత్సరం నాటిదో తెలిస్తే ఆ సంవత్సరమే రాయండి, తెలియకపోతే "పాత ఇత్తడి బిందె" అని రాసి, అడుగున పడ్డ సొట్ట కూడా కనిపించేలా ఫొటో తీసి పెట్టండి.