విదేశీ కోడలు, విదేశీ అల్లుడు: ఎక్స్-2 వీసా నుంచి ఓసీఐ కార్డు దాకా

అబ్బాయి జర్మనీ అమ్మాయిని చేసుకున్నా, అమ్మాయి బ్రెజిల్ అబ్బాయిని చేసుకున్నా చుట్టాలందరూ అడిగే ప్రశ్న ఒక్కటే: "ఓసీఐ కార్డు ఎప్పుడొస్తుంది?" ఓసీఐ అంటే ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా, విదేశీ పౌరులు వీసా గొడవ లేకుండా ఇక్కడ ఉండటానికి భారత ప్రభుత్వం ఇచ్చే కార్డు. ముందు చూసుకోవాల్సింది పెళ్లి ఎప్పుడు రిజిస్టరైందన్నది. 1955 పౌరసత్వ చట్టం 7ఏ సెక్షన్ ప్రకారం పెళ్లి రిజిస్టరై ఉండాలి, దరఖాస్తు పెట్టేనాటికి ఆ బంధం కనీసం రెండేళ్లు ఎడతెగకుండా సాగి ఉండాలి. కాబట్టి రిజిస్ట్రేషన్ వాయిదా వేయడమంత దండగ పని ఇంకోటి లేదు.

పెళ్లి రిజిస్ట్రేషన్

హిందూ వివాహ చట్టం కింద నమోదు కావాలంటే ఇద్దరూ హిందువులై ఉండాలి. కాకపోతే 1954 ప్రత్యేక వివాహ చట్టమే దారి. ఇక్కడ చాలామంది గమనించని మెలిక ఒకటుంది. రిజిస్ట్రార్ ముందే పెళ్లి చేసుకునేట్టయితే, నోటీసు ఇచ్చే ముందు ఇద్దరిలో ఒక్కరు ఆ జిల్లాలో 30 రోజులు ఉంటే చాలు. అదే గుడిలో పెళ్లి చేసేసుకుని తర్వాత ఈ చట్టం కింద నమోదు చేయించాలంటే, ఇద్దరూ 30 రోజులు ఆ జిల్లాలో ఉండాలి. రెండు దారుల్లోనూ నోటీసు తర్వాత మరో 30 రోజులు అభ్యంతరాల గడువు. నెల రోజుల సెలవు మీద వచ్చే పెళ్లికూతురితో రెండో దారి కుదరదు. అందుకే ముందు రిజిస్ట్రార్ ఆఫీసు, ఆ తర్వాతే బాజాభజంత్రీలు అంటాను నేను. సాక్షులు ముగ్గురు కావాలి. విదేశీయుల దగ్గర, వాళ్లకు ఇంతకుముందు పెళ్లి కాలేదనో, విడాకులయ్యాయనో చూపే పత్రం అడుగుతారు.

సర్టిఫికెట్‌లో పేర్లు పాస్‌పోర్టుల్లో ఉన్నట్టే పడాలి. మనవాళ్లకు ఆధార్‌లో "కె. రమేశ్", పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు ఉండటం మామూలే. ప్రింటు తీసేముందు డ్రాఫ్టు చూపించమని అడిగి, అక్షరం అక్షరం సరిచూసుకోండి. పెళ్లి విదేశంలో జరిగితే అక్కడి సర్టిఫికెట్‌కు అపోస్టిల్ (పత్రం అసలైనదేనని ఆ దేశ అధికారులు వేసే ముద్ర) వేయించుకోండి.

ఎక్స్-2 వీసా

భారతీయులను పెళ్లాడిన విదేశీయులకిచ్చే ప్రవేశ వీసా ఇది. రెండేళ్లు నిండేదాకా ఇక్కడ ఉండటానికి ఇదే ఆధారం. వాళ్ల దేశంలోని భారత రాయబార కార్యాలయంలో మ్యారేజ్ సర్టిఫికెట్, ఇక్కడి భర్త లేదా భార్య పాస్‌పోర్టు కాపీ జతచేసి పెట్టుకోవాలి. వచ్చాక వీసా స్టిక్కరు మీది షరతు చదవండి. 180 రోజులు దాటి ఉండే వీసా అయితే వచ్చిన 14 రోజుల్లోపు విదేశీయుల నమోదు కార్యాలయం (ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ) వారి ఈ-ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ సైట్‌లో రిజిస్టర్ కావాలి. ఇది మర్చిపోతే తర్వాతి ప్రతి దరఖాస్తులోనూ సంజాయిషీ ఇచ్చుకోవాలి.

ఓసీఐ దరఖాస్తు

ఓసీఐ సర్వీసెస్ సైట్‌లో పార్ట్-ఎ, పార్ట్-బి రెండూ నింపాలి. ఫొటో చతురస్రంగా, లేతరంగు నేపథ్యంతో ఉండాలి. తెల్లటి బ్యాక్‌గ్రౌండ్ పనికిరాదు. సంతకం వెడల్పు ఎత్తుకు మూడింతలుండేలా కత్తిరించాలి. నిలువు సంతకాలు పెట్టేవాళ్లు సైట్‌తో కాసేపు కుస్తీ పట్టాల్సిందే. ఫీజు భారత్‌లో 15,000 రూపాయలు, విదేశాల్లో 275 డాలర్లు.

టూరిస్టు వీసా మీద ఇక్కడికొచ్చి ఓసీఐ పెట్టడం కుదరదు. ఇక్కడ నివాసం ఉంటున్నవాళ్లకే ఆ వెసులుబాటు. భార్యాభర్తల కోటాలో ముందుగా భద్రతా తనిఖీ తప్పనిసరి. ఇంటర్వ్యూకు పిలవవచ్చు, ఇంటికొచ్చి విచారించవచ్చు, కాబట్టి భారత సంతతివాళ్లకిచ్చే మామూలు ఓసీఐ కన్నా ఆలస్యం అవుతుంది. దరఖాస్తుదారు గానీ, వాళ్ల తల్లిదండ్రులు, తాతముత్తాతలు గానీ ఎప్పుడైనా పాకిస్తాన్ లేదా బంగ్లాదేశ్ పౌరులై ఉంటే ఈ కార్డు రాదు.

కార్డు వచ్చాక

ఇక వీసా గొడవ, ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ రిజిస్ట్రేషన్ ఉండవు. ఓటు హక్కు మాత్రం రాదు. కోడలి పేరున పొలం కొందామనుకునే మామగార్లు గమనించాలి: ఓసీఐ వాళ్లు వ్యవసాయ భూమి, ఫామ్‌హౌస్ కొనడానికి వీల్లేదు. కొత్త పాస్‌పోర్టు తీసుకున్నప్పుడల్లా మూడు నెలల్లోపు దాని కాపీని, పెళ్లి కొనసాగుతోందన్న స్వీయ ధ్రువీకరణను సైట్‌లో అప్‌లోడ్ చేయాలి. కోర్టు విడాకులిచ్చాక మాత్రం ఈ కోటాలో వచ్చిన కార్డును ప్రభుత్వం రద్దు చేయవచ్చు.